బ్యాండు దావీదు పుట్టినరోజుకు రెండు రుజువులు

నిజామాబాదులో ఒక జిల్లా పేపరు డెస్కు మీద ముప్పై మూడేళ్ళు పనిచేశాను. అందులో ఇరవై రెండేళ్ళు నాలుగో పేజీ అడుగున వచ్చే ‘నేడు పుట్టినవారు’ శీర్షిక నా చేతిలో ఉంది. ఈ మధ్య డెస్కు పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు కంఠేశ్వర్‌లో మా ఇంటికి వచ్చి, ఆ పని ఎలా చేసేదాన్నో రాసిమ్మని అడిగారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. ఏ ఏడు ఏ కుర్చీలోకి మారానో వాళ్ళకు అక్కర్లేదు. అది రాయను.

ముందే ఒక మాట చెప్పాలి. పేరున్న సినిమా గాయకుడి పుట్టినరోజు రాయడం పని కిందికి రాదు. తేదీ, ఫొటో, పొగడ్త అన్నీ ఫోనులోనే ఉంటాయి. ఎత్తి పేజీలో పెట్టడానికి జీతమిచ్చి మనిషిని కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు. అసలు పని వేరే చోట ఉంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కాలనీల్లో గణపతి మంటపాల దగ్గర గొంతు పోయేదాకా పాడిన ఆర్కెస్ట్రా గాయనులు, దర్గా ఉర్సుల్లో హార్మోనియం పట్టినవాళ్ళు, పెళ్ళి బరాత్‌ల ముందు క్లారినెట్ ఊదుకుంటూ మైళ్ళు నడిచినవాళ్ళు, డిసెంబరు నెలంతా చలిలో ఊరూరా తిరిగి పాడే చర్చి పాటగాళ్ళు. ఈ జిల్లాలో పెళ్ళి చేసుకున్న ప్రతి మనిషీ వీళ్ళలో ఎవరో ఒకరి పాట మధ్యే చేసుకున్నాడు. ఆ పాటను ఇప్పటికీ కూనిరాగం తీస్తాడు. వాయించినవాడి పేరు అడిగితే తల గోక్కుంటాడు. దీన్ని మరుపు అంటే నేను ఒప్పుకోను. మన దగ్గర అప్పు తీసుకున్నవాడి పేరు మనం ఎన్నేళ్ళయినా మరిచిపోము కదా.

నా పుస్తకం

ఒక పొడుగాటి పుస్తకం కుట్టించుకున్నాను. రోజుకొక పేజీ, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదికి కూడా ఒక పేజీ. పేరు, ఊరు, వాద్యం, పుట్టిన తేదీ, ఎవరు చెప్పారు, మొదటి రుజువు, రెండో రుజువు. రెండు రుజువుల గడులూ నిండితేనే పేపర్లోకి వెళ్ళాలి. ఈ నియమం ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. శీర్షిక చేతికి వచ్చిన మొదటి ఏడే ఎవరో ఒక్కరి మాట పట్టుకుని, చనిపోయి నాలుగు నెలలైన హార్మోనియం మాస్టారుకు శుభాకాంక్షలు రాశాను. ఆయన భార్య పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే మధ్యాహ్నానికి మరిచిపోయేదాన్ని.

అప్పటి ఎడిటరును మేము పెద్దసారు అనేవాళ్ళం. ఆయన నా పుస్తకం చూసి, “సుగుణమ్మా, కోర్టులో కూడా ఇంత అడగరు” అన్నారు. మెచ్చుకున్నారనుకుని పొంగిపోయాను. ఆయన హెచ్చరించారని ఇప్పుడు అనిపిస్తుంది.

ధర్పల్లి నుంచి రాజమణి అనే ఆర్కెస్ట్రా గాయని ఉండేది. తేదీ ఇచ్చింది, రెండు కాగితాలూ తెచ్చింది. ఎన్నో పుట్టినరోజో రాస్తానంటే మాత్రం నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

“తారీకు రాయి. గదొక్కటి రాయకు.”

“ఎందుకమ్మా? నిజమే కదా?”

“నిజమే. గా నిజం సదివినంక వినాయకచవితికి నన్నెవ్వడు పిలుస్తడు? పన్నీరు జల్లెటోళ్ళకు వయసు అడగరు, పాడేదానికి అడుగుతరు.”

ఆ రోజు నుంచి ఆడవాళ్ళ వయసు రాయడం మానేశాను. మగవాళ్ళది కూడా మానేశాను, లెక్క సమంగా ఉండాలి కనుక. చూపించని నిజానికీ చెప్పిన అబద్ధానికీ తేడా ఉందని రాజమణి నేర్పింది. నేను అంతవరకే నేర్చుకున్నాను. ఇంకా నేర్చుకోవలసింది ఉందని బ్యాండు దావీదు వచ్చేదాకా తెలియలేదు.

చెయ్యి చెవికి అందితే

మా తరం వాళ్ళకు ఇది తెలుసు, కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను. వెనకట ఊళ్ళల్లో పిల్లవాణ్ణి బడికి తీసుకుపోతే హెడ్మాస్టరు వాడి కుడిచెయ్యి తల మీదుగా వేయించి ఎడమ చెవి ముట్టుకోమనేవాడు. చెవి అందితే అయిదేళ్ళు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాడు. అందినవాడికి రిజిస్టరులో పుట్టిన తేదీ జూన్ ఒకటి అని రాసేవాడు. అందుకే ఈ జిల్లాలో ఒక వయసు దాటిన వాళ్ళ స్కూలు సర్టిఫికెట్లు తీస్తే, ఊరు ఊరంతా ఒకే తెల్లవారుజామున పుట్టినట్టు ఉంటుంది.

ఇది గమనించి నేను రెండో నియమం పెట్టుకున్నాను. జూన్ ఒకటి చూపించే సర్టిఫికెట్‌ను రుజువు కింద లెక్కపెట్టను. అది తేదీ కాదు, హెడ్మాస్టరు చేతి అలవాటు. ఈ నియమం మీద నాకు చాలా గర్వం ఉండేది. కొత్తగా చేరినవాళ్ళకు చెప్పి నవ్వేదాన్ని. ఈ నియమం ఎవరి మీద పడుతుందో మాత్రం ఒక్కనాడూ లెక్కవేయలేదు. ఆస్పత్రిలో పుట్టినవాడికి ఆస్పత్రి కాగితం ఉంటుంది. జాతకం రాయించిన ఇంట్లో పుట్టినవాడికి జాతకం ఉంటుంది. చెరకు తోట గట్టున పుట్టినవాడికి ఆ జూన్ ఒకటి తప్ప ఏముంటుంది?

దావీదు అడిగింది

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ళ ముందు, మే నెల చివర్లో, బోధన్ నుంచి బ్యాండు దావీదు ఆఫీసుకు వచ్చాడు. ఆయన చందూర్ దగ్గరి ఊరివాడు, చర్చిలో పాట నేర్చుకుని, ఫ్యాక్టరీ కాలనీలో బ్యాండు పెట్టినవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. అప్పగింతల వేళ ఆయన క్లారినెట్ మీద ఒక వరుస వాయించేవాడు. ఏ సినిమాలోనిదీ కాదు, ఆయన సొంతం. అది మొదలయితే పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు కూడా ముక్కులు చీదేవాళ్ళు. హిందువుల పెళ్ళిలో, తురకల పెళ్ళిలో, క్రైస్తవుల పెళ్ళిలో అదే వరుస. వర్ని రోడ్డు మీద చెరకు బండ్లు ఆపి విన్నవాళ్ళను నేను చూశాను. డీజే పెట్టెలు వచ్చాక ఆయనకు పిలుపులు తగ్గాయి. అయినా వరుస పోలేదు, జనం నోట్లో మిగిలింది. ఇప్పుడు కీబోర్డు మీద ఎవరెవరో వాయిస్తారు, వాళ్ళదే అన్నట్టు.

దావీదు స్కూలు సర్టిఫికెట్ తీసి నా బల్ల మీద పెట్టాడు. జూన్ ఒకటి.

“ఇది చెల్లదు దావీదూ” అన్నాను.

“ఎందుకు చెల్లదక్కా? సర్కారు ముద్ర ఉన్నది.”

“ముద్ర మంచిదే. తేదీ మంచిది కాదు. నువ్వు ఆ రోజు పుట్టలేదు.”

“గట్లనా? మా బ్యాండుల పదిమందిమి ఉన్నం, అందరిదీ గదే తారీకు. అంటే మేమెవ్వరం పుట్టనే లేదన్నట్టు. ఉత్తగ వాయించుకుంట తిరుగుతున్నం.”

డెస్కు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన అడిగిన మాట నవ్వుతూ అడిగింది కాదు.

“నన్ను గన్న మా అవ్వకు కండ్లు కనబడతలేవు. పొద్దుగాల పక్కింటి పిల్ల పేపర్ సదివి ఇనిపిస్తది, గీ పుట్టినోళ్ళ పేర్లు కూడ. ‘కొడుకా, ఊరందరి పుట్టినరోజులకు వాయిస్తవు, నీ పేరు యాడనన్న వస్తదా’ అని అడిగింది. ఒక్కసారి వేస్తే ఆమె ఇంటది. ఎక్కువ దినాలు ఉండదక్కా.”

“రెండు రుజువులు తే, తప్పకుండా వేస్తాను” అన్నాను.

ఆయన సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ జూన్ ఒకటిన ఆయన పేరు వేసి ఉంటే పేపరుకు ఏ నష్టమూ జరిగేది కాదు. వేయలేదు.

అవ్వ చెప్పిన తేదీ

నేను పనిదొంగను కాను. తర్వాతి జనవరిలో ఒక ఆదివారం నేనే బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయాను. దావీదు తల్లి శాంతమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తడిమి చూసింది.

“పేపరామెవా? సిరా వాసనొస్తది అనుకున్న, సబ్బు వాసనొస్తున్నది.”

“అవ్వా, దావీదు పుట్టింది ఎప్పుడో గుర్తుందా?”

“నేనే గద కన్నది, నాకెర్క లేకుంటె ఎవలకెర్క? మట్టలాదివారం ముందటి దినం. చెరుకు కొట్టుడు ఆఖరికొచ్చింది. పొద్దుందాక కొట్టిన, మాపటికి నొప్పులు లేచినయి. తెల్లారి అందరు ఈతమట్టలు వట్టుకొని చర్చి గుడికి పోతాంటె, నేను వీణ్ణి వట్టుకొని పన్న. మా ఆయన ఒక మట్ట తెచ్చి వీని పక్కల వెట్టిండు.”

ఇంతకంటే గట్టి సాక్ష్యం నా ఇరవై రెండేళ్ళలో వినలేదు. నేను చేసిందేమిటి? మొదటి గడిలో ‘తల్లి నోటిమాట’ అని రాసుకుని, రెండో రుజువు కోసం చర్చికి పోయాను. అక్కడి పాస్టరు అయ్యగారు బాప్తిస్మం రిజిస్టరు వెతికి తీసిచ్చారు. దావీదు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మార్చి పదిహేను అని ఉంది. ఇంటికి వచ్చి పాత క్యాలెండర్ల లెక్క కట్టాను. ఆ ఏడు మట్టలాదివారం, అంటే ఈస్టరుకు ముందటి ఆదివారం, మార్చి ఇరవై అయిదు. అంటే తల్లి చెప్పింది ఇరవై నాలుగు. తొమ్మిది రోజుల తేడా.

మామూలు మనిషి రెంటిలో ఒకటి వేసి ఊరుకుంటుంది. నేను ఊరుకోలేదు. అప్పటి పాత అయ్యగారు నెలకొకసారి సైకిలు మీద ఊళ్ళు తిరిగి, ఎవరు ఏం చెప్తే అది రాసుకునేవాడని అక్కడివాళ్ళు చెప్పారు. ఆ మాట విన్నాక కూడా నేను మూడో ఆధారం కావాలన్నాను. పాత అయ్యగారి కుటుంబం ఎక్కడుందో కనుక్కుని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మార్చి పదిహేను గడిచిపోయింది. ఇరవై నాలుగు గడిచిపోయింది. దావీదు ఫోను చేశాడు.

“ఏమాయెనక్కా?”

“తొమ్మిది రోజులు తేల్చాలి.”

“మా అవ్వ మర్చిపోయింది అంటవా?”

“నేను అట్లా అనలేదు.”

“అనలేదుగని, రాయలేదు గద.”

అయిదు రోజుల తేడాకు నిండు పేజీ

అదే మార్చిలో జరిగింది చెప్తాను. అప్పటికి పెద్దసారు పోయి కొత్త ఎడిటర్ వచ్చాడు. మా ఊరి నాయకుడు ఒకడి పుట్టినరోజుకు మొదటి పేజీ నిండుగా శుభాకాంక్షలు వచ్చాయి. ఆ నాయకుడి పేరు రాయను, ఇప్పటికే కావలసినన్ని ఫ్లెక్సీల మీద ఉంది. ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ నా పుస్తకం తెరిచాను. పోయిన ఏడు ఆయన మార్చి పదకొండున పుట్టినట్టు మా పేపరే వేసింది. ఈ ఏడు పదహారు.

ప్రూఫు పట్టుకుని ఎడిటర్ గదిలోకి పోయాను.

“సార్, ఈయన పోయిన ఏడు పదకొండున పుట్టాడు. ఈ ఏడు పదహారున పుట్టాడు. ఏది నిజం?”

“రెండూ నిజమే సుగుణమ్మా. పదకొండున హైదరాబాదు పెద్దాయన ఖాళీ లేడంట. పదహారున వస్తనన్నడు. కేకు గా రోజే కోస్తరు.”

“పుట్టింది ఎప్పుడు మరి?”

“కేకు ఎప్పుడు కోస్తే గప్పుడే. మీరు అక్షరాలు చూడండి, తారీకులు వాళ్ళు చూసుకుంటరు.”

నేను అక్షరాలు చూశాను. తప్పు లేకుండా చూసి పంపాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను. ఒకే నెలలో ఒక మనిషి తన పుట్టినరోజును అయిదు రోజులు జరిపి, ఒక్క కాగితం చూపించకుండా మొదటి పేజీ తీసుకున్నాడు. ఇంకొక మనిషికి తల్లి సాక్ష్యం, చర్చి రిజిస్టరు ఉన్నా, తొమ్మిది రోజుల తేడా చూపించి నాలుగో పేజీ అడుగున కూడా చోటివ్వలేదు. మొదటిది చేసింది ఎడిటర్. రెండోది చేసింది నేను.

పదిహేడో తారీకు పేపర్లో కేకు కోసిన ఫొటో వచ్చింది. కుడి అంచున క్లారినెట్ మూతి ఒక్కటే కనిపిస్తుంది. పట్టుకున్న చెయ్యి కూడా లేదు. ఆ క్లారినెట్ దావీదుది. ఆ నాయకుడి పుట్టినరోజుకు ఏటా వాయించేవాడు ఆయనే. ఫొటో కింద పదకొండు పేర్లు వేశాం. ఆయన పేరు లేదు.

నేను పెట్టుకున్న నియమాలను ఖచ్చితత్వం అనుకున్నాను. ఖచ్చితత్వమే అయితే అందరి మీదా ఒకటిగా ఉండాలి. అడిగితే తిరిగి ఏమీ అనలేనివాడి దగ్గరే నేను రుజువు అడిగాను. అనగలిగినవాడి దగ్గర అక్షరదోషాలు వెతికాను. దీనికి మంచి పేరు పెట్టుకోవడానికి లేదు.

నియమం మార్చిన సంగతి

ఇంత తెలిసిన తర్వాత కూడా వెంటనే సరిచేయలేదు. మార్చి గడిచింది కదా, వచ్చే ఏడు మార్చి ఇరవై నాలుగున వేద్దామనుకున్నాను. తేదీల మనిషిని కనుక ఆ తేదీ రాకుండా ఆ మనిషి గురించి రాయకూడదనుకున్నాను. ఏప్రిల్‌లో వేసి, ‘పోయిన నెల పుట్టినవాడు, ఆలస్యం మాది’ అని ఒక్క ముక్క రాస్తే ఏమయ్యేది? నాకు ఆ ఆలోచన రాలేదు. అన్నేళ్ళు ఒకే పని చేస్తే బుర్రకు ఒకటే దారి పడుతుంది.

తర్వాతి ఫిబ్రవరిలో శాంతమ్మ చనిపోయింది. వర్ని విలేకరి చెప్తే తెలిసింది. పోయాను. దావీదు తల్లి కోసం ఆ అప్పగింతల వరుస వాయిస్తాడేమోనని ఊరంతా చూశారు. వాయించలేదు. క్లారినెట్ ఇంట్లోనే ఉంచి, పాడె ఒక కొమ్ము పట్టుకుని నడిచాడు.

తిరిగి వచ్చిన రోజే పుస్తకంలో రుజువుల గడులు రెండూ కొట్టేసి ఒకే గడి చేశాను. ‘కన్నవాళ్ళో, కలిసి వాయించినవాళ్ళో, ఎవరు చెప్పారు’ అని పైన రాశాను. జూన్ ఒకటి పేజీ తెరిచాను. అన్నేళ్ళూ అది ఖాళీగా ఉంది. దావీదు బ్యాండులో పదిమంది ఉన్నారు. వాళ్ళలో తల్లులు బతికి ఉన్నవాళ్ళెవరో, తోబుట్టువులు ఉన్నవాళ్ళెవరో కనుక్కుని ఒక్కొక్కరి ఊరికీ పోయాను. దావీదుతో కలిపి ఏడుగురి తేదీలు దొరికాయి. దొరకని ముగ్గురికి జూన్ ఒకటినే వేశాను, ‘బడి ఇచ్చిన పుట్టినరోజు’ అని రాసి. ఎడిటర్ ఇదేమిటన్నాడు. “కేకు కోసిన రోజు కంటే నయం సార్” అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

మార్చి ఇరవై నాలుగున దావీదు గురించి వేశాను. తల్లి చెప్పిన తేదీనే వేశాను. కన్నది ఆమె, సైకిలు మీద వచ్చిన అయ్యగారు కాదు. చెరకు కొట్టడం ముగిసే రోజుల్లో, మట్టలాదివారం ముందు రోజు పుట్టాడని రాశాను. అప్పగింతల వరుస ఆయన కట్టిందేనని, వాయించేవాళ్ళు ఆ మాట చెప్పి వాయించాలని రాశాను. పొద్దున తొమ్మిది నుంచి ఫోన్లు. ఎక్కువ ఆడవాళ్ళే. ధర్పల్లి నుంచి ఒకామె, “గాయిన వాయిస్తాంటె నేను కారు ఎక్కలేకపోయిన మేడం, పేరు గిప్పుడు తెలిసింది” అంది. పెళ్ళై పంతొమ్మిదేళ్ళయిందట. ఆమె మీద కోపం రాలేదు. అన్నేళ్ళూ ఆమె ఇంటికి పేపరు పంపింది మేమే కదా.

సాయంత్రం దావీదు ఆఫీసుకు వచ్చాడు. తెల్ల చొక్కా, చెప్పులకు ఎర్రమట్టి. నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

“మంచిగ రాసినవక్కా. తప్పు లేదు.”

“ఆలస్యం అయింది దావీదూ.”

“పొద్దుగాల పేపర్ వట్టుకొని సమాధుల తోటకు పోయిన. అవ్వ కాడ నిలవడి సదివిన. నాకు సదువుడు జర తండ్లాటే, అయినా మొత్తం సదివిన.” పేపరు మడత తీసి నా బల్ల మీద పెట్టాడు. “అర నిమిషం పట్టలేదక్కా. గీ అర నిమిషం కోసమే గద, రెండేండ్లు తిరిగింది.”

ఆయన మాటల్లో కోపం లేదు. బోధన్ బస్సుకు టైమయిందని చెప్పి మెట్లు దిగిపోయాడు. ఇది జరిగి ఏడేళ్ళయింది. డెస్కులో చేరిన అమ్మాయిలూ, మీ బల్ల దగ్గరికి ఎవరైనా పుట్టినరోజు అడుగుతూ వస్తే, ఏ కాగితం తెచ్చావని అడగకండి. ఇది ఎవరు వినాలి, వాళ్ళు ఎలా ఉన్నారు అని ముందు అడగండి.